చిటపట మేడం మందు

ఆ మెడికల్ కాలేజీలో ఆవిడ నోటికి జడవని ప్రాణులు ఎలుకలు మాత్రమే. వాటికి మాటలు అర్థం కావు కాబట్టి బతికిపోయాయి. ఆ బతుకైనా ఆవిడ చేతిలో పడేదాకానే. మిగతావాళ్లు, అంటే కొత్తగా తెల్లకోటు తొడుక్కున్న కుర్రకారు నుంచి ఫైళ్ల మీద సంతకాలు గిలికే పెద్ద తలకాయల దాకా, ఆవిడ మెట్లు దిగి వస్తుంటే గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చేవారు. వెనకాల 'చిటపట మేడం' అనుకునేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి సిగ్గుపడలేదు సరికదా, పేరు పెట్టడానికి కూడా బుర్ర లేని సన్నాసులని వాళ్లని ఇంకాస్త లోకువ చేసింది.

ఆవిడ చెప్పేది మందుల శాస్త్రం. పొద్దున పాఠం చెప్పడం జీతం కోసం, ఆ తర్వాత మేడమీది ల్యాబ్‌లో ఎలుకల కిడ్నీలతో గడపడం తన కోసం. పెళ్లి చేసుకోలేదు. "చేసుకోవడానికి మనిషంటూ కనపడాలి కదా" అనేది, ఎవరూ అడక్కపోయినా. ఆవిడ లెక్కలో పాఠం వినేవాళ్లు మొద్దులు, తోటి లెక్చరర్లు దద్దమ్మలు, ఆఫీసువాళ్లు కుర్చీలకు పుట్టిన పురుగులు. సర్జన్ల మాట ఎత్తితే మూతి మూడు వంకర్లు తిప్పేది. కత్తి తిప్పడం వస్తే మెదడు కూడా ఉన్నట్టే అనుకునే జాతి అనేది వాళ్లని. ఇక డిపార్ట్‌మెంటుకు పెద్ద అయిన పెద్దసారు సంగతి చెప్పనక్కర్లేదు. ఎలుక బోను దగ్గరికి వస్తే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఆ ఎలుకల మీద రాసిన వ్యాసంలో మాత్రం తన పేరు ముందు వేయించుకునే రకం ఆయన. ఈ విషయంలో ఆవిడ అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

ఆవిడ తలకెత్తుకున్న సమస్య మాత్రం అల్లాటప్పాది కాదు. కిడ్నీలో గడ్డ లేచినప్పుడు, కిడ్నీ మొత్తం పీకెయ్యకుండా గడ్డ మటుకు కోసి తియ్యాలంటే, దానికి రక్తం తెచ్చే నాళాన్ని ముందు క్లిప్పు పెట్టి మూసెయ్యాలి. లేకపోతే కోసేచోట రక్తం మడుగు కట్టి ఏమీ కనపడదు. మూసినంతసేపూ కిడ్నీకి పస్తు. పస్తు ముదిరితే అందులో కణాలు చచ్చిపోతాయి. అంతటితో పోతుందా అంటే, లేదు. క్లిప్పు తీసి రక్తం వదిలాకే అసలు రభస మొదలవుతుంది. నాలుగు రోజులు తిండి లేనివాడికి ఒక్కసారిగా పళ్లెం నిండా పెడితే కడుపు తిరగబడినట్టు, తిరిగొచ్చిన రక్తమే కిడ్నీని వాయించి పాడుచేస్తుంది. దీనికి సర్జన్ల దగ్గరున్న విరుగుడు మంచు. శుభ్రమైన ఉప్పునీళ్లు గడ్డకట్టించి, మెత్తగా నలగ్గొట్టి, కిడ్నీ చుట్టూ కూరుతారు. చల్లబడ్డ కిడ్నీ మగతలో పడుతుంది. మగతలో ఉన్నదానికి ఆకలి తక్కువ, అందుకని కాసేపు ఓర్చుకుంటుంది. కానీ మంచుతో వచ్చే బాధలు మంచుకున్నాయి. బల్లంతా నీళ్లు, రోగికి వణుకు, కిడ్నీ చల్లబడేదాకా సర్జన్ చేతులు కట్టుకుని నిలబడాలి. చేతులు కట్టుకుని నిలబడటం కంటే సర్జన్లకు పెద్ద శిక్ష లేదు.

మంచు జోలికి పోకుండా ఒక్క ఇంజెక్షనుతో కిడ్నీని కాపాడాలన్నది ఆవిడ పంతం. కడుపుమంటకు ఎప్పటినుంచో వాడే ఒక పాత మందును పట్టుకుంది. ఎలుకకు మత్తిచ్చి, పొట్ట తెరిచి, మందు ఎక్కించి, నాళానికి క్లిప్పు పెట్టి, కాసేపుంచి తీసి, కుట్టేసేది. మందు పడ్డ ఎలుకలు మర్నాటికి లేచి గింజలు కొరికేవి. కిడ్నీ చెడితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ వాటిలో ఇంచుమించు మామూలుగా ఉండేది. మందు లేకుండా ఉత్త సెలైన్ ఎక్కించినవి మాత్రం వెంట్రుకలు నిక్కబొడుచుకుని మూల ముడుచుకునేవి. కొన్ని చచ్చేవి, కొన్ని చావలేక బతికేవి. ఎన్నిసార్లు చేసినా అదే వరస.

ల్యాబ్‌లో బల్లలు రెండు. ఒకటి ఏసీ కింద ఉండే స్టీలు బల్ల. నున్నగా, వెలుతురుగా, చెయ్యి ఆనించుకోవడానికి వాటంగా ఉండేది. రెండోది మూలన, పనిముట్లు ఉడకబెట్టే బాయిలరు పక్కన పడేసిన చెక్కబల్ల. మందు ఎక్కించే ఎలుకల్ని ఆవిడ మంచి బల్ల మీద, దీక్షగా, ఊపిరి బిగబట్టి కోసేది. ఉత్త ఎలుకల్ని చెక్కబల్ల మీదికి తోసేది. "ఎటూ పోయే సరుక్కి మంచి బల్లెందుకు, దండగ?" అనేది. వాటి మీద ఆవిడకు ఎక్కడలేని చిన్నచూపు. పోల్చి చూడటానికి ఏదో ఒకటి చావాలి కాబట్టి వాటిని చేరదీసింది కానీ, లేకపోతే ముఖం కూడా చూసేది కాదు.

మత్తులో ఉన్న ఎలుక ఒళ్లు చల్లబడకుండా కింద వేసే కరెంటు పరుపు ఒకటి ఉండేది. అది ఎప్పుడో కాలిపోయింది. కొత్తది కొనమని అడిగితే ఆఫీసువాళ్లు అది అవసరమేనని మళ్లీ రాసిమ్మన్నారు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ పరుపేదో మీరే వేసుకుని పడుకోండి" అని కాగితం వాళ్ల బల్ల మీదికి విసిరేసి వచ్చింది. ఆ రోజు నుంచి పరుపూ లేదు, ఎలుక ఒంటి వేడి చూసే తీరికా లేదు.

పెద్దసారు ఈ మందు కబురు ఆసుపత్రిలో చాటింపు వేసినంత పని చేశాడు. మీటింగుల్లో "మా మందు, మా మందు" అని గుండెలు చరుచుకున్నాడు. ఆ మందు రంగు అడిగితే చెప్పలేడు. మంచు తప్పుతుందనగానే అక్కడ కిడ్నీలు కోసే సర్జన్ ముఖం చాటంత అయింది. పాత మందే కాబట్టి అనుమతులు కూడా తొందరగానే వచ్చాయి. మొదటి రోగి ఎవరా అని వెతుకుతుంటే, ఆవిడ తమ్ముడే తగిలాడు.

తమ్ముడికి బజారులో ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు ఉంది. చదువు అబ్బలేదు. చిన్నప్పుడు ఆవిడ లెక్కలు నేర్పబోయి పలక విరగ్గొట్టింది తప్ప వాడి బుర్రలోకి ఒక్క అంకె దూర్చలేకపోయింది. "వీడికి ఇంటికి దారి గుర్తుంటే అదే గొప్ప" అని అమ్మ ముందే అనేది. వాడు నవ్వేవాడు. అమ్మ పోయాక వాడి పెళ్లి చేసింది, కొట్టు పెట్టించింది, పెట్టించిన ప్రతిసారీ నాలుగు తిట్టింది. వాడికి పుట్టుకతోనే ఒక కిడ్నీ ఎండిపోయి పనికిరాకుండా ఉంది. ఇప్పుడు గడ్డ లేచింది రెండోదాంట్లో. అది కాస్తా చెడితే ఇక మిషను పక్కన పడుకుని బతకాల్సిందే.

"నాకేం భయంలేదక్కా" అన్నాడు వాడు, ఆసుపత్రిలో చేరిన రోజున. "మా అక్క మందుందని అందరికీ చెప్తున్నా."

"నీ మొహం. దాని పేరు పలకడం వచ్చా నీకు?"

"పేరెందుకు? నువ్వు చేశావుగా. చాలు" అన్నాడు.

ఆవిడ విసురుగా లేచి, దిండు సరిచేసి, వాడి దుప్పటి లాగి పాదాలు కప్పి వెళ్లిపోయింది. మరదలు ఆ విసురుకు బెదిరి పక్కకు జరిగింది.

ఆపరేషనుకు ముందు ఒకసారి కళ్లారా చూస్తానన్నాడు సర్జన్. సరే, ఆయన ముందు మరో విడత ఎలుకల్ని కోసి చూపిద్దామనుకుంది. తీరా ఆ రోజు చెక్కబల్ల లేదు. పరీక్షల గదిలో బల్లలు చాల్లేదని అటెండరు దాన్ని మోయించుకుపోయాడు. ఆవిడ అటెండరు వంశం మొత్తాన్ని కడిగిపారేసి, గత్యంతరం లేక అన్ని ఎలుకల్నీ మంచి బల్ల మీదే కోసింది. సర్జన్ మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చుకోవడం ఆవిడకు నచ్చలేదు. తనని మెచ్చుకునే తాహతు ఆయనకు ఎవరిచ్చారని లోపల సణుక్కుంది.

మర్నాడు బోనుల దగ్గరికి వెళ్లింది. మందు పడ్డ ఎలుకలు గింజలు కొరుకుతున్నాయి. ఉత్త ఎలుకలు కూడా కొరుకుతున్నాయి.

ముందు ఆవిడకు ఒళ్లు మండింది. చావాల్సినవి చావకుండా ఈ బడాయి ఏమిటి? బోనుల మీది చీటీలు తారుమారయ్యాయేమో చూసింది. కాలేదు. రక్తం తీసి చూసింది. క్రియాటినిన్ అన్నిటిలోనూ ఒకేలా, ఏ గొడవా లేకుండా ఉంది. సెలైన్ సీసాలో పొరపాటున మందు కలిసిందేమో చూసింది. కలవలేదు. క్లిప్పులు వదులయ్యాయేమో చూసింది. కరిచి పట్టుకుంటున్నాయి.

పెద్దసారు విషయం విని తేలిగ్గా చెయ్యి ఊపాడు. "ఎలుకలు మంచివి కావమ్మా. ఈ విడత లెక్కలోంచి తీసెయ్."

నిజానికి ఆవిడ కూడా అదే అనుకుంటూ మెట్లెక్కి వచ్చింది. కానీ తన నోట్లో ఉన్న మాట ఆయన నోటి నుంచి ఊడిపడేసరికి ఎంగిలి తిన్నట్టయింది. ఈ మనిషికి తట్టిన ఆలోచన తనకూ తట్టిందంటే అందులో ఎక్కడో కుళ్లు ఉండి తీరాలి. ల్యాబ్‌కు తిరిగొచ్చి తలుపేసుకుంది. ఖాళీగా ఉన్న మంచి బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చుంది. పైన ఏసీ రొద పెడుతోంది. కాసేపటికి మోచేతులు జివ్వుమన్నాయి. తీసి చూసుకుంటే చర్మం చల్లగా, మొద్దుబారి ఉంది.

గబుక్కున లేచి బాయిలరు పక్కన ఒక స్టూలు వేసి, మందు ఎక్కించిన ఎలుకల్ని దాని మీద కోసింది. వాటి ఒంటి వేడి కూడా చూసింది. మర్నాటికి అవన్నీ వెంట్రుకలు నిక్కబొడుచుకుని మూల ముడుచుకున్నాయి. ఒకటి అప్పటికే చచ్చింది.

అంటే ఇంతకాలం కిడ్నీల్ని కాపాడింది మందు కాదు. మత్తులో ఉన్న గుప్పెడంత ప్రాణిని ఏసీ కింద స్టీలు రేకు మీద పడుకోబెడితే దాని ఒళ్లు చల్లబడుతుంది, కిడ్నీ మగతలో పడుతుంది. సర్జన్లు మంచుతో చేసే పనే అది. ఆవిడ ఏ మంచునైతే పాతచింతకాయ వైద్యమని ఎగతాళి చేసిందో, ఆ మంచే వేషం మార్చుకుని ఆవిడ బల్ల మీద కూర్చుంది. ఇక ఉత్త ఎలుకలంటారా, అవి చెక్కబల్ల మీద బాయిలరు సెగకు వెచ్చగా చచ్చాయి. వాటిని అక్కడికి తోసింది ఆవిడ చిన్నచూపే. ఆ చిన్నచూపు లేకపోతే ఆ మందే లేదు. ఇంత సిగ్గుమాలిన పొరపాటు ఆవిడ తిట్టిన మొద్దుల్లో ఒక్కడు కూడా చేసి ఉండడు. వాడికి అంత పొగరెక్కడిది?

పెద్దసారు గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మొదట తెల్లబోయాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, గొంతు తగ్గించాడు.

"మీ తమ్ముడి గురించే కదా నీ బెంగ? మంచు కూడా పెట్టమందాం. మందూ ఇద్దాం, మంచూ పెడదాం. కుర్రాడు బాగుపడతాడు. మందు పనిచేసిందనుకుంటారు. ఎవరికమ్మా నష్టం?"

ఆవిడ ఆయన్ని చూసింది. ఎప్పుడూ అసహ్యించుకున్న ఆ నున్నటి బుగ్గలు, ఆ మెత్తటి గొంతు. సరేనని తల ఊపింది. మెట్లు దిగుతూ, తమ్ముడు బాగుంటే చాలని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఆ మెట్లు దిగినంతసేపూ ఆవిడకూ పెద్దసారుకూ రుమాలు ఒక్కటే తేడా.

వార్డులో తమ్ముడు మంచం మీద కూర్చుని పక్క మంచం మీది బస్సు కండక్టరుతో కబుర్లు చెబుతున్నాడు. మరదలు మంచినీళ్లకు వెళ్లింది. ఆవిడ కర్టెన్ లాగి, వాడి చెవి దగ్గర కుర్చీ వేసుకుంది.

"రేపు మంచు కూడా పెడతారు నీకు" అంది.

"ఎందుకు? మందుందిగా?"

"మందు లేదు గిందు లేదు. నోరు మూసుకుని విను." అంతా చెప్పింది, బల్ల సంగతి, బాయిలరు సంగతి, పెద్దసారు అన్నమాట. వాడికి అర్థమవుతుందన్న నమ్మకం లేక చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. వాడికి మొదటిసారికే అర్థమైంది.

దుప్పటి అంచు నలుపుతూ అన్నాడు. "అయితే రెండూ పెట్టించుకుంటానక్కా. నేను బాగై బయటికొస్తే నీ మందువల్లే అని చెప్తా. ఇన్నేళ్లు ఆ గదిలో కష్టపడ్డావు. నీ పేరు పోతే నేను చూడలేను."

ఆ నక్కజిత్తుల మనిషి సలహా ఇచ్చిన మాటే వీడూ అంటున్నాడు. ఆయన తన పేరు కోసం అన్నాడు. వీడు ప్రేమకొద్దీ, ఉన్న ఒక్క కిడ్నీనీ అక్క పరువుకు అద్దెకిస్తానంటున్నాడు. ఇంతకాలం వీడిని దేనికీ కొరగాడని తిట్టింది. కనీసం అబద్ధానికైనా కొరగానివాడిగా పెంచి ఉండాల్సింది అనిపించింది.

అప్పుడే కర్టెన్ పక్కకు జరిగింది. కండక్టరు భార్య. బక్కపలచని మనిషి, చేతిలో టీ ఫ్లాస్కు.

"మేడంగారూ, మీరేనటగా ఆ మందు కనిపెట్టింది! మీ తమ్ముడుగారు చెప్పారు. మావారికి కూడా ఒకటే కిడ్నీ అండీ, దాంట్లోనే గడ్డ, ఎల్లుండి ఆపరేషను. మంచు వద్దు, ఆ మందే ఇమ్మని సర్జన్ గారికి మేమే చెప్పాం. ఆయనా సరేనన్నారు. మీరు కూడా ఒక్కమాట గట్టిగా చెప్పరూ?"

ఆవిడ తమ్ముడి వైపు చూసింది. వాడు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కండక్టరు పక్క మంచం మీద నుంచి ఆశగా మెడ చాచి చూస్తున్నాడు. రేపు తమ్ముడు మంచు వల్ల బాగుపడతాడు. ఎల్లుండి ఈయనకు మంచు ఉండదు, మందుంటుంది. అంటే మళ్లీ రెండు బల్లలు. ఈసారి బాయిలరు పక్కన పడుకునేది ఈ కండక్టరు.

"అది మందు కాదు" అంది. గొంతు మామూలు కంటే పెద్దగా వచ్చింది, వార్డు అంతా తిరిగి చూసింది. "పనిచెయ్యదు. ఎలుకలు బతికింది చల్లటి బల్ల మీద పడుకున్నందుకు. నేను చూసుకోలేదు. మీరు మంచు పెట్టమనే అడగండి. సర్జన్‌తో నేనూ చెప్తాను. మా తమ్ముడికి కూడా మంచే. మందు ఇవ్వరు, ఒక్క చుక్క కూడా."

"అక్కా" అన్నాడు తమ్ముడు.

"నువ్వు నోరు ముయ్యి."

సర్జన్ గదికి వెళ్లి అదే మాట చెప్పింది. ఆయన బీరువా తలుపు తీసినట్టు నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, మంచుకు చెప్పడానికి ఫోనందుకున్నాడు. పెద్దసారుకు కబురు చేరి ఆవిడకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఎత్తలేదు.

మర్నాడు ఆపరేషను మంచుతోనే జరిగింది. క్లిప్పు పెట్టారు, మంచు కూరారు, చల్లబడేదాకా సర్జన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, గడ్డ తీశారు, కుట్టారు. సాయంత్రానికి తమ్ముడి మంచం కింద వేలాడే సంచిలో ఉచ్చ పడటం మొదలైంది. ముందు ఎర్రగా, తర్వాత లేతగా, ధారగా. ఆవిడ వంగి ఆ సంచిని చూసింది. మరదలు మొదటిసారి భయం లేకుండా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

మొహం కడుక్కుందామని వరండాలోకి వచ్చింది. కుళాయి దగ్గర కండక్టరు భార్య ఎవరో బంధువుతో మాట్లాడుతోంది. ఆవిడని చూసి ఆపలేదు. గొంతు కూడా తగ్గించలేదు.

"అదిగో, ఆవిడే. మందో కాదో సరిగ్గా చూసుకోకుండానే మనవాళ్ల మీద వాడేద్దామనుకుంది. చదువుకుంది కదా, మనమంటే ఎలుకలతో సమానం. సొంత తమ్ముడు మంచం మీద ఉన్నాడు కాబట్టి నోరు తెరిచింది. వాడే లేకపోతే? మనల్ని మనుషుల లెక్కలో వేసుకునేదా?"

ఆవిడ కుళాయి తిప్పింది. ఇలాంటి మాట ఎవరన్నా అంటే ఏడు తరాలు గుర్తుండేలా జవాబిచ్చే నోరు అది. వాడు లేకపోతే ఏం చేసేదో నిజాయితీగా ఆలోచించింది. నీళ్లు చేతుల మీద నుంచి కారిపోతున్నాయి. తనని ఇంత సరిగ్గా కొలిచిన మనిషి ఇన్నేళ్లలో ఎదురుపడలేదు.

కుళాయి కట్టేసి, తలవంచుకుని, వాళ్ల పక్క నుంచే వార్డులోకి నడిచింది. వాళ్లు దారి ఇవ్వలేదు. ఆవిడే గోడవైపు ఒదిగి వెళ్లింది.